నోరులేనివారి వకీలు

కర్నూలు జిల్లా పెద్దపాడులో 1921లో పేద దళిత కుటుంబంలో పుట్టిన దామోదరం సంజీవయ్య న్యాయవాది అయ్యారు. 1950లో తాత్కాలిక పార్లమెంటులో సభ్యులయ్యారు. 1960లో దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన హయాంలోనే రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను మొదలైంది. 1972లో కన్నుమూసేవరకు ప్రజాజీవితంలోనే ఉన్నారు. ఫీజు ఇచ్చుకోలేనివారికి చట్టసభలో వకీలుగా నిలిచారు.

మూగవారి పక్షాన నోరు తెరవాలని రాజైన లెమూయేలుకు తల్లి బోధించినట్లు సామెతలు 31వ అధ్యాయంలో చదువుతున్నాం. ఆ బోధ రాజులకేనా? సంఘానికి కాదా? మన భద్రాచలం ఏజెన్సీ గూడేల్లో వేలిముద్ర పడక పింఛను ఆగిపోయిన అవ్వ ఎదురైతే, ఆమెకోసం ప్రార్థిస్తాం. మంచిదే. మోకాళ్లమీద నుంచి లేచి, ఆమె చెయ్యి పట్టుకుని మండలాఫీసు మెట్లు కూడా ఎక్కుదాం. అప్పుడే మన ప్రార్థన పూర్తవుతుంది.