కబురు ముందుగా వెళ్లాలి



పంట ఇంటికి చేరిన తరువాత మన పల్లెలలో కూటముల కాలము వస్తుంది. పందిరి వేస్తాము, మైకు పెడతాము, దూరము నుండి ప్రసంగీకులను పిలుస్తాము. అయినా కొన్నిచోట్ల చాపలు సగము ఖాళీగానే ఉంటాయి. జనులకు ఆసక్తి లేదనుట సులభము. వారికి కబురు ఎప్పుడు చేరిందో కూడా అడగాలి కదా!

1740 అక్టోబరు 23న అమెరికాలోని కనెక్టికట్ ప్రాంతములో నేతన్ కోల్ అను రైతు పొలములో పని చేసుకొనుచుండగా ఒకరు వచ్చి, ఆ ఉదయము 10 గంటలకు మిడిల్‌టౌన్‌లో జార్జి విట్‌ఫీల్డ్ ప్రసంగిస్తారని చెప్పారు. కోల్ చేతిలోని పనిముట్టు అక్కడే వదలి, ఇంటికి పరుగెత్తి, భార్యను గుఱ్ఱముపై ఎక్కించుకొని బయలుదేరాడు. ఉన్నది ఒక్కటే గుఱ్ఱము. అది అలసినప్పుడు భార్యను జీనుపై కూర్చుండబెట్టి తాను ప్రక్కన పరుగెత్తాడు. అలా సుమారు 12 మైళ్లు వెళ్లారు. దారి పొడవునా ఏ పొలములోనూ మనిషి కనబడలేదు. అక్కడ మూడు నాలుగు వేలమంది కూడియున్నారని కోల్ వ్రాశాడు.

గంట ముందు అందిన కబురుకే ఇంతమంది ఎలా కదిలారు? నేల అంతకుముందే దున్నబడి ఉన్నది. విట్‌ఫీల్డ్ సహచరుడు విలియమ్ సీవార్డ్ ఆయన కూటములను గూర్చి పత్రికలకు వ్రాసి పంపేవాడు. ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆయన ప్రసంగములను అచ్చువేశాడు. ఇతర పట్టణములలో జరుగుచున్న సంగతులు విని, ఆయన మాట వినాలని కోల్ ముందునుండే ఎదురుచూస్తున్నాడు.

కాబట్టి సంఘ పెద్దలకు మా మనవి. ప్రసంగీకుల ఒప్పుదల పొందిన తరువాతనే కరపత్రములు అచ్చువేయించండి. తేదీ, గంట, స్థలము, ప్రసంగ విషయము స్పష్టముగా ఉండాలి. జరుగునో జరుగదో తెలియని అద్భుతములను వాగ్దానము చేయవద్దు. ఒకసారి నమ్మి నిరాశపడినవారు మరల రారు. రెండు వారముల ముందే ఇద్దరిద్దరుగా ఇంటింటికి వెళ్లండి. కరపత్రము చదువలేనివారికి నోటితో చెప్పండి. కూలికి వెళ్లినవారు ఇల్లు చేరి అన్నము తినే వేళను అడిగి, దానినిబట్టి కూటము గంట నిర్ణయించండి. ప్రక్క ఊరి వృద్ధులను, చంటిబిడ్డల తల్లులను తీసికొని వచ్చి, రాత్రి తిరిగి దింపుటకు ఆటోనో ట్రాక్టరునో ముందే మాట్లాడండి. కోల్ భార్యకు గుఱ్ఱముపై చోటు దొరికింది గనుకనే ఆమె కూడా వినగలిగింది.

మీ ఊరిలో కూటములు దగ్గరపడితే, ఈ ఆదివారము ఆరాధన ముగియగానే ఎవరు ఏ వీధికి వెళ్లాలో పంచుకొనండి.