యాభై దాటాక గోల్ఫు పాఠం

గత సంచికలో ఫిక్స్‌డ్ డిపాజిట్లకు నామినేషన్ గురించి రాశాను. అది చదివిన మిత్రులొకరు "ఎప్పుడూ బ్యాంకు గొడవేనా, ఈసారి వేరే ఏదైనా రాయండి సార్" అన్నారు. సరే, ఈసారి గోల్ఫు!

ఆశ్చర్యపోకండి. నాలుగు నెలలుగా ఆదివారం పొద్దున్నే బెంగళూరు శివార్లలో ఒక డ్రైవింగ్ రేంజికి వెళ్ళి పాఠాలు చెప్పించుకుంటున్నాను. డ్రైవింగ్ రేంజి అంటే కారు నేర్పే చోటు కాదు. వరుసగా నిలబడి, ఎదురుగా ఉన్న మైదానంలోకి బంతులు కొట్టే స్థలం. బకెట్టు బంతులకు ఇంత అని కట్టాలి, పాఠానికి వేరే. క్లబ్బు సభ్యత్వం అక్కర్లేదు. మనలాంటి జీతగాళ్ళకు ఇది ముఖ్యమైన సంగతి.

ఇది దొరలు తెచ్చిన ఆటే. కలకత్తాలో 1829లోనూ, మన బెంగళూరులో 1876లోనూ క్లబ్బులు పెట్టుకున్నారు. 2024 వేసవిలో ట్యాంకర్ల కోసం కాపలా కాసిన ఊళ్ళో అంతంత పచ్చికబయళ్ళు చూస్తే నాకు ఇప్పటికీ కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. కానీ ఇదే ఊరి అమ్మాయి అదితి అశోక్ టోక్యో ఒలింపిక్స్‌లో, అంటే 2021లో, నాలుగో స్థానంలో నిలిచింది. ఆవిడ బ్యాగు మోసింది కన్నతల్లి. అది టీవీలో చూసినప్పటి నుంచీ ఈ ఆట మీద మనసు పడింది.

మా గురువుకు నా వయసులో సగం కూడా ఉండదు. కోలారు వైపు కుర్రాడు, చిన్నప్పుడు క్యాడీగా బ్యాగులు మోసి ఆట నేర్చుకున్నాడు. తెలుగులోనే చెబుతాడు, మన సరిహద్దు తెలుగులో. మొదటి పాఠం పూర్తిగా పట్టు మీదే. ఎడమ చెయ్యి ముందు, దాని కింద కుడి చెయ్యి. కుడి చిటికెన వేలు ఎడమచేతి చూపుడు వేలికీ మధ్య వేలికీ నడుమ సందులో ఆనాలి. ఎంత గట్టిగా పట్టుకోవాలో మాటల్లో చెప్పడం కష్టం. కొత్త నోట్ల కట్ట లెక్కపెట్టేటప్పుడు నోటు జారకుండా, నలగకుండా పట్టుకుంటామే, దాదాపు అంత అని నేను గుర్తు పెట్టుకున్నాను.

తరువాతిది ఇంకా విచిత్రం. చిన్నప్పుడు బిళ్ళంగోడు ఆడిన చేతులు కదా, బిళ్ళను లేపినట్టు బంతిని కూడా కింద నుంచి ఎత్తాలని చూస్తాయి. గోల్ఫులో అది పనికిరాదు. ఏడో నంబరు ఇనుప కర్ర ముఖం ముందే వాలుగా ఉంటుంది. మనం కిందికి కొడితే, ఆ వాలే బంతిని పైకి లేపుతుంది. "బలం ఏల సార్? చెండును ఎత్తేది కర్ర పని, మీ పని కాదు" అంటాడు మావాడు. బంతి మీద మూడు నాలుగు వందల చిన్న గుంటలుంటాయి. అవి లేకుండా నున్నగా ఉంటే బంతి సుమారు సగం దూరమే పోతుందట. నడుము తిప్పడం దగ్గర మాత్రం వయసు తెలుస్తుంది. పది నిమిషాలు ఒళ్ళు వంచి సాగదీయకుండా కర్ర ముట్టుకోనివ్వడు. మా ఇంటావిడ అతన్ని మెచ్చుకునేది ఆ ఒక్క విషయంలోనే.

నన్ను నిజంగా కట్టిపడేసింది ఈ కొట్టుడు కాదు, లెక్క. బంతిని కొట్టబోయి గాలిని కొట్టినా అది ఒక దెబ్బే. కొట్టే ఉద్దేశం లేకుండా ఊరికే కర్ర ఊపి చూసుకుంటే లెక్కలోకి రాదు. ఈ రెంటికీ తేడా కొట్టినవాడి మనసుకు తప్ప ఎవరికి తెలుస్తుంది? ఎనిమిదో పాఠానికి ఒక చిన్న తొమ్మిది హోళ్ళ మైదానానికి తీసుకువెళ్ళాడు. మొదటి హోల్ అయ్యాక "ఎన్ని సార్?" అన్నాడు. "ఏడు" అన్నాను. తల ఎత్తకుండా ఏడు అని రాసుకున్నాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నేను చెప్పిన అంకెను రెండో సంతకం లేకుండా ఒప్పుకున్నవాళ్ళు లేరు. ఒక్క క్షణం గొంతులో ఏదో అడ్డుపడ్డట్టయింది.

పోటీల్లో సంతకాలుంటాయి లెండి. మీ అంకెలు తోటి ఆటగాడు రాస్తాడు, ఇద్దరూ సంతకం చెయ్యాలి. అచ్చం మన వోచరే! 1968 మాస్టర్స్ పోటీలో చివరిరోజు అర్జెంటీనా ఆటగాడు రాబర్టో డి విసెంజో పదిహేడో హోల్‌ను మూడు దెబ్బల్లో ముగించాడు. తోటి ఆటగాడు నాలుగని రాశాడు. ఈయన సరిచూడకుండా సంతకం పెట్టేశాడు. 65 కాస్తా 66 అయింది. ఎక్కువ అంకె మీద సంతకం పెడితే అదే ఖాయం, ఇది నియమం. ఒక్క దెబ్బ తేడాతో టైటిల్ బాబ్ గోల్బీకి పోయింది. ఆ రోజే డి విసెంజో పుట్టినరోజు కూడా. పాపం!

1925 అమెరికా ఓపెన్‌లో బాబీ జోన్స్‌ది ఇంకో కథ. గడ్డిలో తన బంతి కాస్త కదిలిందని, ఎవరూ చూడకపోయినా తన మీద తానే ఒక దెబ్బ వేసుకున్నాడు. చివరికి సమంగా నిలిచి, ప్లేఆఫ్‌లో ఓడిపోయాడు. అందరూ పొగిడితే, బ్యాంకును దోచుకోనందుకు కూడా మనిషిని పొగుడుతారా అన్నాడని చెబుతారు. మా బ్రాంచిలో ఈ మాటకు మంచి గిరాకీ ఉంది.

కొత్తవాళ్ళ కోసం ఒక వెసులుబాటు కూడా ఉంది. దాన్ని హ్యాండిక్యాప్ అంటారు. 2020లో వచ్చిన ప్రపంచ పద్ధతి ప్రకారం గరిష్ఠం 54. పద్దెనిమిది హోళ్ళకు పంచితే హోల్‌కు మూడు దెబ్బల రాయితీ. అందుకే తాత, మనవడు ఒకే మైదానంలో పోటీగా ఆడుకోవచ్చు.

మీలో ఎవరికైనా సరదా పుడితే ముందే పద్నాలుగు కర్రల సెట్టు కొనేయకండి. రేంజిలోనే కర్ర ఇస్తారేమో అడగండి. నడుము నొప్పి, మోకాళ్ళ నొప్పి ఉంటే డాక్టరు మాట ముందు. నేనింతవరకూ కొన్నది ఎడమ చేతికి ఒక్క గ్లౌజు మాత్రమే. కుడిచేతిది కూడా ఇస్తాడని మా ఇంటావిడ దుకాణంలో చాలాసేపు వాదించింది.