వెలుగును తూచే అద్దాలు

బాలలారా! గోడమీదనో, తెరమీదనో బొమ్మలు చూపే ప్రొజెక్టరును మీరు చూచే ఉంటారు. వాటిలో డి.ఎల్.పి. అనే రకం గురించి ఈ నెల చెప్పుకుందాం.

దాని లోపల చిన్న పలక ఒకటి ఉంటుంది. ఆ పలకనిండా లక్షలకొద్దీ అద్దాలు! ఒక్కొక్కటి మన తలవెంట్రుక మందం కంటె చిన్నది. ఈ పలకను 1987లో అమెరికాలో, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలో పనిచేసే లారీ హార్న్‌బెక్ అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు.

ప్రతి అద్దానికీ రెండే పనులు తెలుసు. ఒక పక్కకు వంగితే దీపపు వెలుగు తెరమీద పడుతుంది. రెండవ పక్కకు వంగితే పడదు. మధ్యే మార్గం లేదు. మరి బొమ్మలో మసక వెలుగు ఎట్లా వస్తుంది?

కొట్టులో తూకపురాళ్ళు జ్ఞాపకం తెచ్చుకోండి. 1, 2, 4, 8, 16, 32, 64, 128 – ఈ ఎనిమిది రాళ్ళుంటే 1 మొదలు 255 దాకా ఏ బరువైనా తూచవచ్చు. 150 కావాలా? 128, 16, 4, 2 వేయండి, సరిపోతుంది. ప్రొజెక్టరు చేసేదీ ఇదే. అయితే దాని రాళ్ళు ఇనుపవి కావు, కాలంతో చేసినవి! ఒకటికంటె ఒకటి రెట్టింపుగా ఎనిమిది వ్యవధులు. ఒక్కొక్క వ్యవధికి ఒక్కొక్క పటం. ఏ అద్దం తెరవైపు వంగాలో, ఏది వంగకూడదో ఆ పటమే చెబుతుంది. 150 వంతుల వెలుగు ఇవ్వవలసిన అద్దం ఆ నాలుగు వ్యవధులలో తెరవైపు వంగి, మిగతా నాలుగింటిలో పెడమొగం పెడుతుంది. ఇంత వేగాన్ని మన కన్ను పట్టలేదు గనుక, అన్నిటినీ కలిపి ఒకే మసక వెలుగుగా చూస్తుంది.

ఇక రంగుల సంగతి. చిన్న ప్రొజెక్టర్లు చాలావాటిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ముక్కలు గల గాజుచక్రం దీపం ముందు గిర్రున తిరుగుతుంది. రంగుకు 8 పటాల చొప్పున ఒక్క బొమ్మకు 24 పటాలు. సెకండుకు 60 బొమ్మలనుకుంటే 1,440 పటాలు! అప్పుడు అన్నిటికంటె చిన్న వ్యవధి సెకండులో సుమారు 46 వేలవ వంతు మాత్రమే.

చూశారా! ఏ క్షణంలోనూ తెరమీద నిండు రంగుల బొమ్మ లేదు. దానిని కూర్చేది మన కన్నూ, మెదడూను.

నమ్మకం కుదరకపోతే పరీక్షించండి. మాస్టారినడిగి, అటువంటి ప్రొజెక్టరుతో తెరమీద తెల్లని వెలుగు వేయించండి. తెరకు ఎదురుగా నిలిచి, ఆ వెలుగులో పెన్సిలును గబగబా ఆడించండి. పెన్సిలు అంచుల వెంట రంగులు విడివిడిగా మెరుస్తాయి. ప్రొజెక్టరు కటకంలోకి మాత్రం ఎన్నడూ చూడకూడదు, కంటికి ప్రమాదం.

ఇప్పుడు మీకొక లెక్క: 200 వంతుల వెలుగు కావాలి. ఏ రాళ్ళు వేస్తారు? మూడే చాలు!