ఉప్పు చెప్పిన లెక్క

1947లో ఢిల్లీ అల్లర్లతో అట్టుడుకుతున్నప్పుడు ఎంతోమంది ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఎర్రకోటలో తలదాచుకున్నారు. కొద్దిమంది హుమాయూన్ సమాధి ఆవరణలో చేరారు. వాళ్లకు తిండి పెట్టే బాధ్యత ప్రభుత్వానిది, సరుకులు తెచ్చే పని కాంట్రాక్టర్లది. కోటలో ఎందరున్నారో ఎవరికీ తెలియదు. దాంతో కాంట్రాక్టరు ఎంత బిల్లు పెడితే అంత చెల్లించాల్సి వచ్చింది. ఖర్చు మరీ ఎక్కువగా కనిపించడంతో జనం లెక్క తేల్చమని గణాంక నిపుణులను అడిగారు. లోపలికి వెళ్లి లెక్కపెట్టడమంటే ప్రాణాలకు ముప్పు.

వాళ్ల చేతికందినవి సరుకుల పద్దులు మాత్రమే. బియ్యం ఇంత, పప్పు ఇంత, ఉప్పు ఇంత. ఒక మనిషికి రోజుకు సగటున ఏ సరుకు ఎంత కావాలో ముందే తెలుసు. మొత్తాన్ని ఆ సగటుతో భాగిస్తే జనం సంఖ్య వస్తుంది. ఉదాహరణకు మనిషికి పది గ్రాముల చొప్పున రోజుకు క్వింటాలు ఉప్పు ఖర్చయితే తిన్నవాళ్లు పదివేల మంది. అదే రోజు అరవై క్వింటాళ్ల బియ్యం వండామని రాస్తే, మనిషికి నాలుగు వందల గ్రాముల చొప్పున పదిహేను వేల మంది తేలతారు. ఎర్రకోట పద్దుల్లోనూ ఇలాంటి తేడాయే బయటపడింది. బియ్యం లెక్కలో జనం అన్నిటికన్నా ఎక్కువ, ఉప్పు లెక్కలో అన్నిటికన్నా తక్కువ. బియ్యం ఖరీదైన సరుకు, ఎక్కువ రాసుకుంటే లాభం. ఉప్పు ఆ రోజుల్లో కారుచౌక, దాన్ని పెంచి రాసుకున్నా మిగిలేదేమీ లేదు. అందుకే నిపుణులు ఉప్పు లెక్కనే నమ్మారు. ఈ ఆలోచన జె.ఎం. సేన్‌గుప్తాది. దీన్ని ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ అనే పుస్తకంలో చెప్పినవారు మన సి.ఆర్. రావుగారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, ప్రపంచ గణాంకశాస్త్రాన్నే మలుపు తిప్పి, 2023లో కన్నుమూసిన మహానుభావుడు.

మన కార్యాలయాల్లో ఇవాళ లెక్కలకు కొదవ లేదు. గోడ నిండా తెర, దాని మీద క్షణక్షణం మారే అంకెలు, ఆకుపచ్చ గడులు, ఎర్ర గడులు. ఆ అంకె ఎవరు పంపారు, అది పెరిగితే ఎవరికి లాభం, తగ్గితే ఎవరి ఉద్యోగానికి గండం? ఈ ప్రశ్న మాత్రం సమీక్షల్లో వినపడదు. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఒక్కో ఖాతాదారుకు ఎనిమిది రకాల సేవలు అంటగట్టాలని సిబ్బందికి లక్ష్యం పెట్టింది. పైవాళ్ల కాగితాల్లో అంకెలు బ్రహ్మాండంగా కనిపించాయి. కింద సిబ్బంది జనానికి తెలియకుండా వాళ్ల పేర్ల మీద లక్షల ఖాతాలు తెరిచారు. 2016లో బ్యాంకు మీద 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. ఈ వ్యవహారంలో సుమారు 5,300 మంది ఉద్యోగాలు పోయాయి. లక్ష్యం పెట్టిన చోటే కొలతా పెట్టి, ఆ కొలతను అందించే పనీ ఆ సిబ్బందికే అప్పజెప్పితే కాకిలెక్కలు తప్ప ఏం వస్తాయి? తప్పు చేసిన గుమస్తాను నేను సమర్థించను. కానీ అతని మెడ మీద కత్తి పెట్టి అంకె అడిగినవాళ్ల తప్పు అంతకంటే పెద్దది.

ఎర్రకోట కథలో అందరూ దాటేసే మెట్టు ఒకటుంది. ఆ ఉప్పు లెక్కను నిపుణులు హుమాయూన్ సమాధి దగ్గర కూడా వేసి చూశారు. అక్కడ జనం తక్కువ, ఎందరున్నారో విడిగా తెలుసుకునే వీలుంది. రెండు లెక్కలూ దగ్గరగా వచ్చాయి. జవాబు తెలిసిన చోట పద్ధతిని పరీక్షించాకే, తెలియని చోట దాన్ని నమ్మడమన్నమాట. ఇవాళ కోట్లు పోసి కొంటున్న విశ్లేషణ సాఫ్ట్‌వేర్లకు ఈ పరీక్ష పెడుతున్నవాళ్లు ఎందరు? నిరుటి లెక్క ఇచ్చి, నిరుడు జరిగింది సరిగ్గా చెబుతుందో లేదో చూడటానికి ఒక్క వారం చాలు. ఆ వారం కూడా ఆగలేక నియామకాలు, సరుకు కొనుగోళ్లు, ఆఖరికి ఉద్యోగుల తొలగింపులు కూడా ఆ తెర మీది అంకెను బట్టి తేల్చేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇలా ప్రతి అంకెనూ సరిచూడటం సిబ్బందిని దొంగల్లా చూడటమేనని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. సరైన లెక్క నిజాయితీపరుడికే ఎక్కువ మేలు చేస్తుంది. పక్క హాస్టల్ వార్డెన్ హాజరు పెంచి రాస్తుంటే, ఉన్నది ఉన్నట్టు రాసినవాడే సమీక్షలో తలదించుకుని నిలబడాల్సి వస్తోంది కదా!

కలెక్టర్లకు, కంపెనీ మేనేజర్లకు నా విన్నపం ఒకటే. వచ్చే నెల సమీక్షలో ప్రతి ముఖ్యమైన అంకె పక్కన, పెంచి రాస్తే ఎవరికీ లాభం లేని మరో అంకె పెట్టించండి. హాస్టల్ హాజరు పక్కన వంటగ్యాస్ బండలు ఎన్ని అయిపోయాయో రాయించండి. ఆసుపత్రి ఓపీ సంఖ్య పక్కన మందుల కౌంటర్‌లో తీసుకున్న చీటీలెన్నో, అమ్మకాల పక్కన వెనక్కి వచ్చిన సరుకెంతో చూడండి. రెండూ పొసగని చోటికి మీరే స్వయంగా వెళ్లండి. నిర్ణయం ఆ తర్వాత తీసుకోండి.