డిక్కీలో పట్టనిది మన ఒళ్ళోకే వస్తుంది

కారు కొనడం మగవాళ్ళ వ్యవహారమని మన ఇళ్ళల్లో ఎవరు ఎప్పుడు తీర్మానించారో తెలీదు గానీ, ఆ తీర్మానం ఇంకా చెల్లుతూనే ఉంది. మైలేజీ, ఇంజను, అలాయ్ వీల్స్, సన్‌రూఫ్... ఇవన్నీ వాళ్ళే మాట్లాడేసుకుంటారు. అన్నీ అయ్యాక మన దగ్గరికొచ్చి "రంగు ఏది బాగుంటుందో నువ్వే చెప్పు" అంటారు, మనకేదో పెద్ద పీట వేసినట్టు. రంగు సంగతి నాకెందుకండీ? నేను అడిగేది ఒకటే. డిక్కీ ఎంతుంది?

మా పాత హ్యాచ్‌బ్యాక్‌కి పదకొండేళ్ళు నిండాయి. కొత్తది చూడాలని రెండు నెలలుగా ఇంట్లో ఒకటే చర్చ. నేను డిక్కీ మాట ఎత్తగానే మావారూ, మా అబ్బాయీ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుంటారు. షోరూములో అబ్బాయి కూడా అంతే. మావారికి అరగంట సేపు స్క్రీను గురించి చెప్పాడు. నేను వెనక తలుపు తీయమంటే, "చాలా స్పేసుందండీ మేడమ్" అని తెరిచి, నేను తొంగి చూసేలోపే మూసేశాడు.

నవ్వితే నవ్వారు గానీ, ఊరి ప్రయాణమంటే సామాను సర్దేది ఎవరు? మేముండేది హైదరాబాదులో, అత్తవారిది కోనసీమ. సంక్రాంతికి వెళ్ళేటప్పటి సామానుకి ఒక లెక్కుంటుంది. రెండు పెద్ద సూట్‌కేసులు, పిల్లల బ్యాగులు, అత్తయ్యగారి మందుల సంచీ, అందరికీ పెట్టాల్సిన బట్టలు. వచ్చేటప్పటి సామానుకే లెక్క ఉండదు. బియ్యం బస్తా, కొబ్బరికాయలు, అరిసెల డబ్బా, ఓ అరటి గెల, "ఇదొక్కటీ తీసుకెళ్ళమ్మా" అంటూ పెద్దవాళ్ళు చివరి నిమిషంలో చేతిలో పెట్టే పనసకాయ. వద్దంటే బాధపడతారు. తెస్తే పెట్టడానికి చోటుండదు.

అప్పుడేమవుతుంది? డ్రైవింగ్ సీట్లో ఉన్నాయన ఒళ్ళో ఏమీ పెట్టలేం. ముందు సీట్లో అత్తయ్యగారు కూర్చుంటారు, ఆవిడ కాళ్ళ దగ్గర ఏమీ అడ్డం ఉండకూడదు. పిల్లలు చెరో కిటికీ పట్టుకుంటారు. మధ్యలో మిగిలేది మనం. అరిసెల డబ్బా ఒళ్ళో, బ్యాగు కాళ్ళ కింద, జాడీ మడమల మధ్య. పంతంగి టోల్ గేటు దగ్గర పండగ రద్దీలో బండ్లు ఆగిపోతే, ఆ భంగిమలోనే కూర్చోవాలి. డిక్కీలో తగ్గిన ప్రతి అంగుళం మన మోకాళ్ళ దగ్గర తేలుతుంది. అందుకే ఇది సౌకర్యాల జాబితాలో ఆఖరున రాసుకునే విషయం కాదంటాను.

ఇంకొకటి కూడా ఉంది. ఒళ్ళో డబ్బా పెట్టుకున్న మనిషి సీటు బెల్టు పెట్టుకోదు. పెట్టుకున్నా అది ఉండాల్సిన చోట ఉండదు. వెనక కూర్చున్నవాళ్ళూ బెల్టు పెట్టుకోవాలని చట్టం చెబుతోంది. మధ్య సీట్లో సామానుతో ఇరుక్కున్న ఆడమనిషికి ఆ చట్టం ఎలా అమలవుతుందో ఎవరూ ఆలోచించరు.

సరే, డిక్కీ ఎంతుందంటే కంపెనీవాళ్ళు లీటర్లలో చెబుతారు. పాలకీ నూనెకీ తప్ప సూట్‌కేసులకి లీటర్లేమిటని మొదట్లో నాకూ అనిపించింది. చాలా చోట్ల వాడే కొలత ఇలా ఉంటుంది. 20 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 5 ఎత్తు ఉన్న చిన్న దిమ్మ ఒకటి తీసుకుంటారు. మిఠాయి దుకాణంలో ఇచ్చే చిన్న స్వీటు పెట్టె అంత అనుకోండి. అది సరిగ్గా ఒక లీటరు. అలాంటివి డిక్కీలో ఎన్ని పడితే అన్ని లీటర్లు. అంటే 300 లీటర్ల డిక్కీలో 300 స్వీటు పెట్టెలు పడతాయి. ఆ చిన్న దిమ్మలు మూలమూలల్లోకీ దూరతాయి. మన సూట్‌కేసు దూరదు. చక్రాల కవరు లోపలికి ఉబ్బి ఉన్నచోట బియ్యం బస్తా ఒదిగి కూర్చుంటుంది, గట్టి పెట్టె ఒదగదు. ఒకే అంకె రాసి ఉన్న రెండు డిక్కీల్లో ఒకదానిలో రెండు పెట్టెలు పట్టి, ఇంకొకదానిలో ఒకటిన్నరే పట్టడానికి కారణం ఇదే. ఒకటిన్నర పెట్టె అంటే ఒకటేగా!

అంకెలు పనికిరావని కాదు నేననేది. స్విఫ్ట్ 265, బాలెనో 318, వ్యాగనార్ 341, ఆల్ట్రోజ్ 345. ఇలా వరసగా రాసుకుంటే ఏది ఏ కోవలోదో తెలుస్తుంది. 25 కిలోల బియ్యం బస్తా ముప్పై లీటర్ల పైచిలుకు ఉంటుంది. ఆ లెక్కన స్విఫ్ట్‌కీ వ్యాగనార్‌కీ తేడా రెండు బస్తాల పైనే. బయటికి చిన్నగా, నిటారుగా కనిపించే బండిలో ఎక్కువ చోటుందంటే మా అబ్బాయికి నచ్చలేదు. పాపం, వాడికి ఏటవాలు అద్దం కావాలి. ఏటవాలుగా ఉన్నచోట జాడీ నిలబడదురా అంటే వినడు.

సెడాన్‌లో లీటర్లు ఎక్కువ కదా అంటారు. నిజమే. కానీ డిక్కీకి కడుపు ఎంత ముఖ్యమో నోరూ అంతే ముఖ్యం. కూజాలోనూ నీళ్ళు పడతాయి, గంగాళంలోనూ పడతాయి. కూజాలోకి చెయ్యి దూరదు, అంతే తేడా. సెడాన్ డిక్కీ మూత చిన్నది. పెట్టెలు లోపల పడతాయిగానీ, ఆ నోట్లోంచి దూర్చడం ఒక విద్య. హ్యాచ్‌బ్యాక్‌కి వెనక తలుపు మొత్తం పైకి లేస్తుంది. అవసరమైతే పైన ఉన్న పార్సిల్ ట్రే తీసేయొచ్చు, వెనక సీటు మడవొచ్చు. ఆ సీటు 60:40గా విడిగా మడిచేదైతే ఇంకా మేలు. ఒక పక్క మనిషీ, ఇంకో పక్క అరటి గెలా.

మన దేశంలో డిక్కీలు ఇలా కుంచించుకుపోవడానికి ఒక చిన్న కథుంది. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవుండి, ఇంజను కూడా చిన్నదైన కార్లకి ఎక్సైజు సుంకం తగ్గించారు. పొడవు తగ్గిస్తే ధర తగ్గుతుంది. ముందు ఇంజను ఉండాలి, మధ్యలో మనుషులుండాలి, ఇంకెక్కడ కోస్తారు? వెనకే. 2008లో వచ్చిన డిజైర్‌లో డిక్కీ 440 లీటర్లు. 2012లో దాన్ని నాలుగు మీటర్ల లోపుకి కుదించేసరికి అది 316 అయింది. నాలుగు బియ్యం బస్తాల చోటు పన్ను లెక్కల్లో కలిసిపోయిందన్నమాట. తర్వాత వచ్చిన వాటిలో మళ్ళీ కొంత పెంచారు గానీ, పాత 440 మాత్రం తిరిగి రాలేదు.

నన్నడిగితే మనలాంటి కుటుంబాలకి సరిపోయే బండి ఎస్టేట్. స్టేషన్ వ్యాగన్ అన్నా అదే. రైల్వే స్టేషన్ నుంచి మనుషుల్నీ సామాన్నీ కలిపి మోసే బండి కాబట్టి ఆ పేరొచ్చింది. మామూలు కారు పైకప్పునే వెనకదాకా లాగి తలుపు పెట్టినట్టుంటుంది. ఐదుగురు హాయిగా కూర్చుంటారు, వెనక సామాను గది. మన దగ్గరా వచ్చాయి. మారుతి వాళ్ళ బాలెనో ఆల్టూరా, 2004లో టాటా వాళ్ళ ఇండిగో మెరీనా. రెండూ పెద్దగా నిలదొక్కుకోలేదు. మా మావయ్యగారు ఉన్నప్పుడు మెరీనాని చూసి "అంబులెన్సులా ఉందే" అనేశారు. చాలా ఇళ్ళల్లో అదే మాట అనుకుని ఉంటారు. సామాన్య కుటుంబం కొనుక్కోగలిగే ఎస్టేట్ ఇవాళ మన షోరూముల్లో లేదు.

దానికి బదులుగా ఇప్పుడు అందరూ సెవెన్ సీటర్ అంటున్నారు. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. ఏడుగురు కూర్చుంటే సామానుకి చోటుండదు. ట్రైబర్‌లో మూడు వరసలూ ఉంటే మిగిలేది 84 లీటర్లు, ఎర్టిగాలో 209. ఏడుగురికి 84 లీటర్లంటే మనిషికి పన్నెండు స్వీటు పెట్టెలు! అదే ఆఖరి వరస తీసేస్తే ట్రైబర్‌లో 625 లీటర్లు వస్తుంది. ఎర్టిగాలో ఆ వరస మడిస్తే 550. అదిగో, మనకి దొరకని ఎస్టేట్ అక్కడ దాక్కుని ఉంది. సెవెన్ సీటర్‌ని ఐదుగురి బండిగా కొనుక్కోవాలి. "ఏడుగురు పడతారు కదా, పిన్నీ బాబాయిల్ని కూడా ఎక్కించుకుందాం" అని మొదలుపెట్టారో, మళ్ళీ డబ్బా మన ఒళ్ళోకే.

మావారి మనసు సీఎన్‌జీ మీద ఉంది. పెట్రోలు ధర చూస్తే ఆయన్ని తప్పుపట్టలేను. కానీ చాలా సీఎన్‌జీ హ్యాచ్‌బ్యాక్‌లలో సిలిండరు డిక్కీలోనే పడుకుని ఉంటుంది. దాని పక్కన చేతిసంచులు తప్ప పెట్టె పట్టదు. 2023లో ఆల్ట్రోజ్‌లో ఒక పెద్ద సిలిండరు బదులు రెండు చిన్నవి నేల కింద అమర్చి 210 లీటర్లు మిగిల్చారు. అది నయం. రోజూ ఆఫీసుకెళ్ళే మనిషికి సీఎన్‌జీ మంచిదే. ఇంటిల్లిపాదికీ ఉన్నది ఆ ఒక్క బండే అయితే, మిగిలే డబ్బుతో పాటు పోయే చోటుని కూడా లెక్కలో రాయాలి కదా.

ఇంతకీ నా పట్టుదలకి అసలు కారణం పండగ సామాను కాదు. అత్తయ్యగారికి తుంటి ఆపరేషన్ అయి ఏడాదైంది. ఇంట్లో వాకర్ పట్టుకుని నడుస్తారు గానీ, బయటికెళ్తే చక్రాల కుర్చీ కావాలి. అది మడిస్తే వెడల్పు తగ్గుతుందేగానీ పొడవూ ఎత్తూ అలాగే ఉంటాయి. బరువు పదిహేను కిలోల పైమాటే. పాత బండిలో అది పట్టాలంటే వెనక సీటు సగం మడవాలి. అంటే పిల్లల్లో ఒకరు ఇంట్లో ఉండాలి. మొన్న మా మేనల్లుడి ఒడుగుకి బయల్దేరబోతూ ఆవిడ, "నేను రానులేవే, మీరు ఇరుక్కుపోతారు, వెళ్ళి రండి" అన్నారు. ఆవిడకి అక్షింతలు వేయాలని ఎంత కోరికో నాకు తెలుసు. డిక్కీలో చోటు లేక ఒక మనిషి శుభకార్యానికి రానంటోంది. ఇది కారు గురించిన విషయమేనంటారా?

మావారి వాదన కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. "ఏడాదికి రెండుసార్లు ఊరెళ్ళడానికి మిగతా రోజులన్నీ పెద్ద బండిని ఈ సందుల్లో తిప్పాలా? అపార్టుమెంట్లో పార్కింగ్ ఎక్కడ? కావాలంటే పైన క్యారియర్ వేయిద్దాం" అంటారు. పార్కింగ్ మాట నిజం. ఇద్దరో ముగ్గురో ఉన్న ఇంటికి చిన్న హ్యాచ్‌బ్యాక్ చక్కగా సరిపోతుంది, పెద్దది కొనడం దండగ. కానీ పైన క్యారియర్ మీద కుర్చీ ఎత్తి కట్టేదెవరు? ఆయన ఆఫీసులో ఉండగా అత్తయ్యగారిని ఫిజియోథెరపీకి తీసుకెళ్ళేది నేను. నా ఎత్తుకి అది అందదు. అందుకే చోటుతో పాటు డిక్కీ అంచు నేలకి ఎంత ఎత్తులో ఉందో కూడా చూస్తాను. అంచు తక్కువైతే కుర్చీని ఆనించి తోసేయొచ్చు. గడపలా ఎత్తుగా ఉంటే, ఎత్తి లోపలికి దింపాలి. నలభై దాటిన నడుములకి ఆ తేడా బాగా తెలుస్తుంది.

డిక్కీ పెద్దదని గోపురంలా నింపేయడం కూడా కుదరదు. వెనక అద్దంలోంచి దారి కనిపించాలి. బరువైనవి అడుగున, వెనక సీటుకి ఆనించి పెట్టాలి. సడన్ బ్రేకు వేస్తే సీటు ఎత్తు దాటి పేర్చిన కొబ్బరికాయలు ఆగవు, అదే వేగంతో పిల్లల తలల మీదికి వస్తాయి. నిండా సామానుతో వెళ్ళేటప్పుడు టైర్లలో గాలి ఎంత ఉండాలో సాధారణంగా డ్రైవరు తలుపు దగ్గర చిన్న స్టిక్కరు మీద రాసి ఉంటుంది. బయల్దేరే ముందు అది చూసుకోండి.

వచ్చే ఆదివారం మళ్ళీ షోరూముకి వెళ్తున్నాం. ఈసారి పాత బండిలో చక్రాల కుర్చీ, మా ఇంట్లో అన్నిటికన్నా పెద్ద సూట్‌కేసు పెట్టుకుని వెళ్తున్నాం. వాటిని కొత్త బండిలో నేనే పెడతాను, నేనే తీస్తాను. వాటితో పాటు ఐదుగురం ఎక్కి కూర్చుంటాం. అన్నీ కుదిరాకే మిగతా మాటలు. నవ్వేవాళ్ళు నవ్వనీ. మీరూ కారు కొనే ప్రయత్నంలో ఉంటే, మీ ఇంట్లో తప్పనిసరిగా ప్రయాణం చేసే సామానేదో అది వెంట తీసుకెళ్ళండి. పసిపిల్లల ప్రామ్ కావచ్చు, పాప హాస్టల్ ట్రంకు పెట్టె కావచ్చు, మీ అమ్మగారి వాకర్ కావచ్చు. మొహమాటపడకండి. లక్షలు పోసి కొంటున్నాం, ఒక్క పెట్టె పెట్టి చూస్తే ఎవరూ కాదనరు.

రంగు సంగతంటారా, అది మా అబ్బాయికి వదిలేశాను.