హారర్ గేమ్ ఆడే పిల్లల పక్కన ఎవరున్నారు?



ఆలూరు బస్సులో వచ్చే మూడు, నాలుగు తరగతుల పిల్లలు ఈమధ్య ఎక్కువగా మాట్లాడుకునేది ‘గ్రానీ’ గేమ్ గురించే. 2017లో వచ్చిన ఈ గేమ్‌లో తాళం వేసిన ఇంట్లోంచి ఐదు రోజుల్లో తప్పించుకోవాలి. చేతిలోని వస్తువు జారిపడినా, నేల కిర్రుమన్నా చాలు, ముసలమ్మ కర్ర పట్టుకుని వచ్చేస్తుంది. 2014 నాటి ‘ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్’లో ఆటగాడు రాత్రి వాచ్‌మన్. తలుపులు మూస్తే కరెంటు ఖర్చవుతుంది, అది అయిపోతే చీకటే. రెండింటిలోనూ బొమ్మ ముఖం కన్నా, అది ఎప్పుడొస్తుందోనన్న ఎదురుచూపే ఎక్కువ భయపెడుతుంది.

మనమూ దయ్యాల కథలు వింటూ పెరిగినవాళ్లమే. చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల మీద ఎన్ని దయ్యాలను కూర్చోబెట్టామో! కానీ కథ చెప్పే నానమ్మ పక్కనే ఉండేది. మనం వణికితే ఆపేసి దగ్గరకు తీసుకునేది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని దుప్పట్లో ఆడే పిల్లవాడికి ఆ తోడు లేదు.

అందుకే నా అభిప్రాయం: హారర్ గేములన్నిటినీ నిషేధించక్కర్లేదు. అలా చేస్తే దొంగచాటుగా ఆడతారు. ప్లే స్టోర్‌లో వయసు రేటింగ్ చూడండి. అంతకన్నా చిన్నవాళ్లకు మాత్రం వద్దనే చెప్పండి. పెద్ద పిల్లలను పగటిపూట, హాల్లో, ఇయర్‌ఫోన్స్ లేకుండా ఆడనివ్వండి. ఒక్కసారైనా పక్కన కూర్చుని, “ఇందులో నీకు ఏదంటే భయం?” అని అడగండి. రాత్రి ఒంటరిగా బాత్రూమ్‌కు వెళ్లనన్నా, నిద్రలో ఉలిక్కిపడినా వెక్కిరించకండి. ఆ గేమ్‌ను కొన్నాళ్లు పక్కన పెట్టించి, క్లాస్ టీచర్‌కు ఓ మాట చెప్పండి.