ఎర్రర్ చదివే పిల్లల్ని దొంగలంటారా?

గత భాగం జిరాక్స్ పుస్తకాల మీద. ఈసారి గేముల మీద. నవ్వకండి, రెండూ ఒకటే గొడవ.

పామర్రు, ఉయ్యూరు, గుడివాడల నుంచి వచ్చి బెజవాడ హాస్టళ్లలో ఉండే మన పిల్లలు సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ మీద గేములు రెండు దారుల్లో ఆడతారు. ఒకటి రీప్యాక్. అంటే పెద్ద గేమును బాగా కుదించి పెట్టింది. డేటా మిగులుతుంది, కానీ విప్పే భారం ప్రాసెసర్ మీద పడి ఇన్‌స్టాల్‌కి గంటలు పడుతుంది. రెండోది ఎమ్యులేటర్. కంప్యూటర్ చేత ప్లేస్టేషన్ 2 వేషం కట్టించే ప్రోగ్రాం.

ఏదీ మొదటిసారే నడవదు. సగంలో 'ఐఎస్‌డన్ డాట్ డీఎల్‌ఎల్' అని ఎర్రర్. ఫైలు సరిగా దిగలేదా? డిస్కులో చోటు లేదా? ర్యామ్ చాలలేదా? యాంటీవైరస్ ఏదో ముక్కను ఎత్తుకుపోయిందా? పీసీఎస్‌ఎక్స్2 నత్తనడక నడిస్తే రిజల్యూషన్ నేటివ్‌కి దించాలి, వల్కన్ పడకపోతే ఓపెన్‌జీఎల్‌కి మారాలి. ఒక్కటే మార్చి, చూసి, మళ్లీ ఇంకొకటి మార్చాలి. ల్యాబులో దీన్నే ప్రయోగం అంటాం. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లలు ఇంగ్లీషు లాగ్ ఫైలు ముందేసుకుని ఈ పని చేస్తున్నారు.

ఫీజు కట్టి కోచింగ్‌లో నేర్చుకుంటే ఇది స్కిల్. మాలపల్లె కుర్రాడు చేస్తే టైం వేస్టు, దొంగ కాపీ. తోలును చెప్పుగా, డప్పుగా మలిచిన పనితనాన్ని కూడా ఈ సమాజం ఏనాడూ విద్య అనలేదు.

అలాగని పైరసీని వెనకేసుకు రావడం లేదు. అమ్మకంలో ఉన్న గేమును రీప్యాక్‌లో దింపుకోవడం చట్టవిరుద్ధం. పైగా యాంటీవైరస్ ఆపేసి ఊరూ పేరూ తెలియని ఫైలు నడిపితే పోయేది మీ స్కాలర్‌షిప్ ఖాతా పాస్‌వర్డే. ఎమ్యులేటర్ సంగతి వేరు. పీపీఎస్‌ఎస్‌పీపీ 2012 నుంచి అందరికీ తెరిచి ఉన్న కోడ్. న్యాయంగా మన దగ్గరున్న ప్రోగ్రాంకి బ్యాకప్ కాపీ తీసుకోవడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షనే ఒప్పుకుంటుంది. అమెరికాలో వచ్చిన పాత గేముల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకవని 2023లో ఒక అధ్యయనం తేల్చింది. కొందామన్నా దొరకని వాటిని బతికిస్తున్నది ఎమ్యులేటర్లే. 2016లో ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ కేసులో హైకోర్టు పెద్ద ప్రచురణకర్తల వైపు కాక చదువు వైపు నిలబడింది. కాపీ అనగానే తల దించుకోనక్కర్లేదు, చట్టం చదవండి.

విద్యార్థులకు రెండు మాటలు. కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ సాయంత్రాలు కూడా తెరిచి ఉంచమని అడగండి. మీరు విప్పిన ప్రతి ఎర్రర్‌నీ, ఎలా విప్పారో, తెలుగులో రాసి జూనియర్లకు ఇవ్వండి. రాసి పెట్టకపోతే ఈ విద్య కూడా మనది కాదంటారు.